ఎనిమిదో మరమేకు

డులూత్‌లో జనవరి.
సరస్సు మీద మంచుపలక ఎక్కడో పగిలితే
ఆ చప్పుడు ఆసుపత్రి నేలమాళిగ దాకా వస్తుంది,
నేను బిల్లులు చూసే గదిలోకి.

పైన ఆపరేషన్ గదిలో ఒక పద్ధతుంది.
వెన్నులో బిగించే ప్రతి మరమేకు పొట్లంలోనూ
నాలుగు స్టిక్కర్లు:
ఫైలుకొకటి, బిల్లుకొకటి, రోగికొకటి,
నాలుగోది ఎవరికీ కాదు.
అంటించాల్సింది నర్సు అని రూల్సులో ఉంది.
అంటించేది ట్రెంట్ హోకన్‌సన్,
మేకులమ్మే కంపెనీ మనిషి.
నర్సు చేతులకి నెత్తురు కదా, పాపం,
అతని చేతులు ఎప్పుడూ ఖాళీయే.

మంచివాడే ట్రెంట్.
మంగళవారాలు డోనట్లు తెస్తాడు.
మా అమ్మ పోయినప్పుడు కార్డు పంపాడు.
సోల్వే అన్న నా పేరు చివర
పలకని ఆ 'జి' అక్షరం మరవకుండా రాసింది
ఈ భవనంలో అతనొక్కడే.

అక్టోబరులో నా కిటికీ ముందుకి ఐనో కంగాస్ వచ్చాడు.
ముప్ఫైనాలుగేళ్ళు రేవులో
ఓడల్లోకి దొర్లే ఇనప ఖనిజానికి తూకం రాసినవాడు.
ఒక చేతిలో ఎక్స్‌రే, ఒక చేతిలో బిల్లు నకలు.
"అమ్మాయ్, కళ్ళజోడు తుడుచుకుని మరీ లెక్కపెట్టాను.
ఆరే ఉన్నాయి.
మీరు ఎనిమిదంటున్నారు.
తక్కిన రెండూ లోపలెక్కడైనా
ఊడి తిరుగుతున్నాయా?"

నవ్వాను.
అతను నవ్వలేదు.
"డబ్బుదేముంది, మెడికేర్ కట్టింది.
రాత్రి పక్కకి ఒత్తిగిలాలంటేనే భయం,
ఏది ఎక్కడ గుచ్చుకుంటుందో అని."

ఆ సాయంత్రం పాత కాగితాలు దించాను.
ప్రతి మేకుకీ దాని సొంత నంబరుంటుంది,
మనిషికి వేలిముద్రలా.
4471తో ముగిసేది ఐనో వెన్నులో ఉంది.
క్లోకేలో బడి బస్సు నడిపే డెలోరిస్ వెన్నులో ఉంది.
ఆగస్టులో పోయి, బూడిదై, ఈ సరస్సులోనే కలిసిన
పాస్టర్ నైక్విస్ట్ వెన్నులోనూ ఉంది.
ఇద్దరికైతే ఎక్స్‌రే తీయొచ్చు.
సరస్సుని జల్లెడ పట్టమని ఎవరినడగను?

ప్రతి కాగితం అడుగునా ఒక ముద్ర:
సరిచూడబడినది.
చూసినవాళ్ళెవరో ఆ మాటలో ఉండరు.
పక్కన సంతకం మాత్రం నాది,
పదకొండు కాగితాల మీద,
చివరి జి కూడా స్పష్టంగా.

ఏడాదికోసారి కంప్లయన్స్ శిక్షణ, నలభై నిమిషాలు.
ప్రశ్న: సప్లయర్ దగ్గర కానుకలు తీసుకోవచ్చా?
వేళ్ళకంటిన పంచదార మౌసుకి అంటుకుంటుండగా
తీసుకోరాదు అని నొక్కాను.
నూటికి నూరు వచ్చాయి.
తిలాపాపం తలా పిడికెడంటారు.
నా పిడికెడు తియ్యగా ఉంది,
వారం వారం తిన్నాను.

లిఫ్టు పక్కన పోస్టరు మీద ఒక ఫోను నంబరుంది.
ఆరేళ్ళుగా దాని ముందే నిలబడి
లిఫ్టు కోసం ఎదురుచూశాను.
మూడు నెలలు పట్టింది ఆ నంబరు నొక్కడానికి.
మూడు నెలలూ మంగళవారాలు వస్తూనే ఉన్నాయి.

"మీ పేరు చెప్పనక్కర్లేదు," అంది అవతలి గొంతు.
చెప్పాను.
చివర పలకని అక్షరం ఒకటుంది,
అదీ రాసుకోండి అన్నాను.

తర్వాత, ఎవరూ చేయమనని ఫోను ఇంకొకటి చేశాను.
"మిస్టర్ కంగాస్, మీ లెక్కే సరి.
లోపల ఆరే. ఏదీ ఊడలేదు.
ఆ రెండూ మీలోకి ఎన్నడూ రాలేదు."

చాలాసేపు ఏమీ లేదు.
టీవీలో హాకీ, కెటిల్ కూత.
మరెవరైనా అయితే కోర్టనేవారు, పరిహారమనేవారు.

"అయితే," అన్నాడు ఐనో,
"ఇవాళ కుడివైపు తిరిగి పడుకుంటాను."